పుట్టగొడుగు సారమూ, బుధవారపు మాత్రా

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



విజ్ఞానశాస్త్రానికి సంబంధించిన ఏదైనా విషయంపై అరగంట సేపు ప్రసంగించమని ఉత్సవ సంఘంవారు నన్ను కోరారు. ఇటువంటి శుభసమయంలో పాఠశాల చరిత్ర చెప్పుకోవడమే సముచితం కదా అని మొదట సందేహించాను. అయితే ఆ చరిత్రను నాకన్న చక్కగా చెప్పగల పెద్దలు ఈ వేదికమీదనే ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళుగా జీవశాస్త్రం బోధిస్తున్నదాన్ని. కనుక నాకు తెలిసిన దారినే నడుస్తాను. గత జూన్ నెలలో నా బల్లమీదికి వచ్చిన ఒక కరపత్రంతో ప్రారంభిస్తాను.

ఆ కరపత్రాన్ని మన విద్యార్థి తండ్రి ఒకరు తెచ్చారు. ప్రకాశం జిల్లా నుంచి బ్రతుకుతెరువు కోసం ఈ నగరానికి వచ్చి, రెక్కల కష్టంతో పిల్లలను తెలుగులో చదివించుకుంటున్న మనిషి. సాయంకాలం వేళ కొంత ఆదాయం వస్తుందని ఒక పొడిని అమ్ముతున్నారు. కరపత్రం మీద విసనకర్ర ఆకారంలో ఎర్రగా నిగనిగలాడే పుట్టగొడుగు బొమ్మ ఉంది. దాని కింద, ఈ సారం పిల్లలలో రోగనిరోధక శక్తిని పెంచుతుందని పెద్ద అక్షరాలలో ముద్రించారు. వార్షికోత్సవం నాడు పాఠశాల ఆవరణలో ఒక బల్ల వేసుకోవడానికి అనుమతి కావాలన్నారు. నేను కుదరదన్నాను. ఆయన నొచ్చుకోకుండా, “ఎందుకు మేడమ్? ఇది ప్రకృతి ఇచ్చినదే కదా!” అని అడిగారు. ఆ ప్రశ్నకు ఒక్క నిమిషంలో సమాధానం చెప్పలేకపోయాను. నేటి ప్రసంగం ఆ సమాధానమే. ఆయన ఈ సభలోనే ఉన్నారు. వారి అనుమతితోనే ఈ మాట చెబుతున్నాను.

ముందుగా ఈ జీవి ఎటువంటిదో తెలుసుకుందాం. పుట్టగొడుగు అనే మాటలోనే మన పూర్వుల పరిశీలన దాగి ఉంది. తొలకరి వానలు పడగానే చెదపుట్టల మీద గొడుగులు విచ్చుకునేవి. ఆ జాతి నిజంగానే చెదపురుగులతో కలిసి జీవిస్తుంది. పుట్ట లోపల చెదలు దానిని పెంచుకుని, దానిమీద ఆధారపడి బ్రతుకుతాయి. శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో తెలుసుకున్న బంధుత్వాన్ని మన భాష పేరులోనే పొదిగి ఉంచింది. మన పిల్లలు ఈ ఊరి అలవాటు కొద్దీ ‘కాళాన్’ అంటున్నారు. అననీయండి, అదీ మంచి మాటే. ఇంట్లో మాత్రం పుట్టగొడుగు అన్న మాటను పోగొట్టుకోకండి.

నేను చదువుకునే రోజులలో శిలీంధ్రాలను వృక్షశాస్త్రంలోనే బోధించేవారు. నిజానికి అవి మొక్కలు కావు, జంతువులూ కావు. వాటికి పత్రహరితం లేదు. వాటి కణకవచం మొక్కలలో మాదిరి సెల్యులోజుతో కాక, రొయ్య పెంకులో ఉండే కైటిన్‌తోను, బీటా గ్లూకాన్ అనే ఒక విధమైన పిండిపదార్థంతోను నిర్మితమై ఉంటుంది. ఈ బీటా గ్లూకాన్ పేరు దయచేసి గుర్తుంచుకోండి. కరపత్రంలోని వాగ్దానానికి మూలం అదే.

మన శరీరంలో బీటా గ్లూకాన్ ఎక్కడా లేదు. మన రక్తంలోను, కణజాలంలోను సంచరించే భక్షక కణాలు పాఠశాల ద్వారపాలకుని వంటివి. లోపలికి వచ్చేవారి దుస్తులు చూసి ఇతడు మనవాడు, ఇతడు పరాయివాడు అని గుర్తిస్తాయి. వాటి ఉపరితలం మీద ఉండే డెక్టిన్-1 అనే గ్రాహకం బీటా గ్లూకాన్‌ను పసిగడుతుందని 2001లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు నిరూపించారు. ద్వారపాలకుడు ఈల వేస్తాడు, తక్కిన కణాలు అప్రమత్తమవుతాయి. కనుక పుట్టగొడుగు సారం తెల్ల రక్తకణాలను కదిలిస్తుందన్న మాటలో అసత్యమేమీ లేదు. పరిశోధనశాలలో గాజుపాత్రలోని కణాల మీద ఆ సారాన్ని వేస్తే అవి స్పందిస్తాయి. అయితే ఈల వినిపించినంత మాత్రాన దొంగ దొరికినట్లు కాదు. కణం స్పందించడం వేరు, మనిషికి వ్యాధి నయం కావడం వేరు. ఈ రెంటి మధ్యా ఉన్న దూరాన్ని కరపత్రం ఒక్క గంతులో దాటేసింది.

ఆ దూరాన్ని ఓపికగా నడిచినవారు లేకపోలేదు. 1969లో టోక్యోలో గోరో చిహారా బృందం షీటాకే అనే పుట్టగొడుగు నుంచి తీసిన పదార్థం ఎలుకలలోని కంతులను అరికట్టినట్లు ప్రకటించింది. దానికి లెంటినన్ అని పేరు పెట్టారు. మరొక జాతి నుంచి తీసిన క్రెస్టిన్ అనే మందుకు జపాన్ ప్రభుత్వం 1977లోను, లెంటినన్‌కు 1985లోను అనుమతి ఇచ్చింది. ఆ దేశపు వైద్యులు చాలా ఏళ్ళు వాటిని ఉపయోగించారు. ఎలా ఉపయోగించారన్నది ముఖ్యం. లెంటినన్‌ను జీర్ణాశయ క్యాన్సరు రోగులకు సూదిమందుగా, అదీ క్యాన్సరు మందులతో పాటుగా ఇచ్చారు. వాటిని మానిపించి ఇవ్వలేదు. శుద్ధిచేసి, కొలిచి, నరంలోకి ఎక్కించిన పదార్థానికీ, సీసాలో పోసి అమ్మే పొడికీ పోలిక తెచ్చేముందు ఈ తేడాలన్నీ చూడాలి.

ఇక కరపత్రం మీద బొమ్మగా ఉన్న ఎర్ర పుట్టగొడుగు పేరు గానోడెర్మా. చైనాలో లింగ్జీ అని, జపానులో రీషీ అని దానికి ఎంతో గౌరవం. కొయ్యలా గట్టిగా ఉండే ఆ గొడుగు కూరకు పనికిరాదు. కషాయమో, పొడో చేస్తారు. మన కోనసీమ రైతులకు మాత్రం ఆ పేరు మరొక విధంగా పరిచయం. కొబ్బరిచెట్టు మొదలు కుళ్ళి, బంక కారి, చెట్టు నిలువునా చనిపోయే తెగులుకు కారణం గానోడెర్మా జాతే. 1950లలో తంజావూరు ప్రాంతంలో అధికంగా కనిపించినందువల్ల దానికి తంజావూరు తెగులు అన్న పేరు కూడా ఉంది. దీనిని బట్టి ఆ పొడి విషమని నేను అనను. ప్రకృతి ఇచ్చినదన్న ఒక్క మాట మంచికీ చెడుకీ కూడా కొలబద్ద కాజాలదని మాత్రం అంటాను.

గానోడెర్మాను క్యాన్సరు రోగులకు ఇచ్చి చూసిన పరీక్షలన్నిటినీ కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థవారు పరిశీలించి 2012లో ఒక సమీక్ష ప్రచురించారు, 2016లో దానిని సవరించారు. ప్రమాణాలకు నిలిచిన పరీక్షలు వారికి ఐదే లభించాయి. అన్నిటిలోను కలిపి 373 మంది రోగులు. చికిత్సతో పాటుగా ఈ సారం తీసుకున్నవారిలో కొంత మెరుగుదల కనిపించింది, కొన్ని తెల్ల రక్తకణాల సంఖ్య స్వల్పంగా పెరిగింది. కాని చికిత్సకు బదులుగా దీనినే ప్రధాన ఔషధంగా వాడవచ్చునని చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చారు. మరొకవైపు, ఆ పొడి వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కొన్ని వైద్య పత్రికలలో నమోదయ్యాయి.

ప్రమాణాలకు నిలిచిన పరీక్ష అంటే ఏమిటని తల్లులు కొందరు నన్ను అడిగారు. దీనికి ఉదాహరణ కోసం మనం సముద్రాలు దాటనక్కరలేదు. చేట్‌పట్టు దాకా వెళితే చాలు. 1956లో అక్కడ క్షయ చికిత్సా కేంద్రం ఏర్పడింది. నేటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ దానినుంచి వచ్చినదే. ఆ రోజులలో క్షయ సోకినవారికి మంచి గాలి, విశ్రాంతి, బలవర్ధకమైన ఆహారం ఉంటేనే వ్యాధి నయమవుతుందని, అందుకు శానిటోరియం తప్పదని అందరి నమ్మకం. అంతమందికి పడకలు ఎక్కడివి? ఆ కేంద్రంవారు ఈ నగరంలోని 193 మంది రోగులను చీట్లు వేసినట్లుగా రెండు వర్గాలు చేశారు. ఒక వర్గాన్ని శానిటోరియంలో చేర్చారు. రెండవ వర్గం తమ ఇరుకు ఇళ్ళలోనే ఉండిపోయింది. ఇద్దరికీ ఏడాదిపాటు అవే మందులు. 1959లో ఫలితాలు ప్రకటించినప్పుడు ప్రపంచం ఆశ్చర్యపోయింది. ఇంటిలో ఉన్న పేదవారు, అంత మంచి తిండి లేనివారు కూడా శానిటోరియంలో ఉన్నవారితో దాదాపు సమానంగా కోలుకున్నారు. రోగిని కాపాడినది క్రమం తప్పక వేసుకున్న మాత్ర. ఎవరు ఏ వర్గంలో ఉండాలో వైద్యుడుగాని, రోగిగాని ఎంచుకోలేదు కనుకనే ఆ ఫలితాన్ని నమ్మగలిగాము. “మా పక్కింటివారికి తగ్గింది” అన్న మాటలో లేనిది ఇదే.

ఇంతవరకు చెప్పినది పుస్తకాలు చదివి ఎవరైనా చెప్పగలరు. ఇప్పుడు చెప్పబోయేది నా సొంత తప్పు.

మా అమ్మకు చాలా ఏళ్ళుగా కీళ్ళవాతం ఉంది. వయసుతో వచ్చే మోకాళ్ళ అరుగుదల కాదు, చేతివేళ్ళ కణుపులను పట్టి పీడించే రుమటాయిడ్ జాతి. 2018లో మా వీధిలోని ఒక ఆత్మీయురాలు ఇటువంటి పొడినే తెచ్చి, “టీచరక్కా, అమ్మగారు వేసుకునే మాత్ర రోగనిరోధక శక్తిని తగ్గించేస్తుంది. ఇది పెంచుతుంది. రెండూ కలిపి వాడితే ప్రయోజనం ఉండదు” అన్నది. నేను సీసా అట్ట తిప్పి చదివాను. బీటా గ్లూకాన్ అన్న మాట కనిపించింది. నాకు తెలిసిన మాట కనిపించేసరికి నమ్మకం కలిగింది. చదువుకున్నవారు మోసపోయే తీరు ఇదేనేమో! రెండు నెలలకు సరిపడా కొని అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ తన మాత్రలు మానేసింది. నేను చూస్తూ ఊరుకున్నాను.

గమనించండి, ఆమె చెప్పినదానిలో మొదటి మాట అబద్ధం కాదు. అమ్మ మాత్ర రోగనిరోధక వ్యవస్థను నిజంగానే అదుపు చేస్తుంది. అందుకే ఇచ్చారు! ఆ వ్యాధిలో రోగనిరోధక శక్తికి కొదవ లేదు. అది దారి తప్పింది. ద్వారపాలకుడు మన పిల్లలనే దొంగలని భ్రమించి కొడుతున్నాడు. అటువంటివాడి చేతికి మరో కర్ర ఇవ్వడం ఏమి వైద్యం? తరగతిలో ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇంట్లో మాత్రం గుర్తు రాలేదు.

మూడవ నెల గడిచేసరికి అమ్మ కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయింది. మార్గశిరం వచ్చింది, వాకిట్లో ముగ్గు లేదు. వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాను. ఆయన నన్ను ఒక్క పరుషమైన మాట కూడా అనలేదు. అంటే బాగుండేదనిపించింది. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టించారు. కొన్ని నెలలకు వాపు తగ్గింది. కుడిచేతి ఉంగరపు వేలు మాత్రం వంకరగానే నిలిచిపోయింది. ఆ వంకర పొడివల్ల వచ్చిందని నేను చెప్పలేను. మందు ఆగిన ఆ మూడు నెలలలో వచ్చిందని మాత్రం చెప్పగలను.

ఆ రోజు వైద్యుడు మందుచీటీ రాస్తూ, “మీరు తెలుగు పాఠశాల టీచరు కదా, ఈ మాత్ర వెనుక ఎవరున్నారో తెలుసా?” అని అడిగారు. మాత్ర పేరు మెథోట్రెక్సేట్. వెనుక ఉన్న మనిషి డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో జన్మించిన సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ పూర్తి చేసినది ఈ ఊరిలోనే, తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలులో. అదీ మూడవ ప్రయత్నంలో. ఈ సంగతి పదవ తరగతి తల్లిదండ్రులు ప్రత్యేకంగా వినాలి. అనంతరం ప్రెసిడెన్సీ కళాశాల, మద్రాసు వైద్య కళాశాల. ఖద్దరు ధరించి శస్త్రచికిత్సా తరగతికి వెళ్ళినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, పూర్తి పట్టాకు బదులు తక్కువ స్థాయి యోగ్యతాపత్రంతో బయటపడ్డారు. సోదరుని స్ప్రూ అనే ప్రేగుల వ్యాధి పొట్టనబెట్టుకున్నది. తనను అదే వ్యాధి పీడించినప్పుడు ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ఈ నగరంలోనే ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసి, ఆ పిమ్మట అమెరికా వెళ్ళారు. కాబట్టి ఆయన మూలికలను చిన్నచూపు చూసినవారు కారు. మూలికలో ఉన్నదేమిటో, ఎంత ఉన్నదో తేల్చి చూడాలన్నవారు.

ఇక్కడ శిలీంధ్రాల కథ మళ్ళీ కలుస్తుంది. 1928 నుంచి బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు సారం తినిపిస్తే వారు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించారు. ఈస్టు కూడా శిలీంధ్రమే సుమా! ఆ సారంలో ఉన్న గుణకారి ఏమిటో అప్పటికి తెలియదు. అది ఫోలిక్ ఆమ్లమని కాలక్రమంలో తేలింది. దానిని 1945లో కృత్రిమంగా తయారు చేయగలిగినది లెడర్లే ప్రయోగశాలలో సుబ్బారావుగారి నాయకత్వంలోని బృందం. పేరు తెలియని సారం, పేరు, తూకం ఉన్న మందుగా మారింది. నేడు గర్భిణులకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఇస్తున్న ఇనుము మాత్రలో కలిసి ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే.

ఆ ఆమ్లం పనిని అడ్డగించే పదార్థాలను కూడా అదే బృందం తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బాస్టన్‌లో రక్త క్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చారు. పదిమందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. తక్కువ మోతాదులో అది దారితప్పిన రోగనిరోధక వ్యవస్థను అదుపులో పెడుతుందని తరువాత తెలిసింది. అమెరికాలో 1988లో కీళ్ళవాతానికి అనుమతి పొందింది. మా అమ్మ దానిని వారానికి ఒకేసారి, బుధవారం నాడు వేసుకుంటుంది. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. ఇంట్లో ఈ మందు ఉన్నవారు ఈ మాట మరువకండి. దాని దుష్ప్రభావాలు తగ్గడానికి వేరొక రోజున ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. విరుగుడూ, మందూ రెండూ ఒకే ప్రయోగశాల నుంచి, ఒకే తెలుగువాని ఆధ్వర్యంలో వచ్చాయి. 1948 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. 1953లో హెసెల్‌టైన్ అనే శాస్త్రజ్ఞుడు కొత్తగా గుర్తించిన ఒక శిలీంధ్రానికి ఆయన స్మృత్యర్థం సుబ్బారోమైసెస్ అని నామకరణం చేశారు. మన పాఠశాలలో ఆయన చిత్రపటం ఇంతవరకు లేదు. ఈ సంవత్సరం పెడుతున్నాము.

శిలీంధ్రాలన్నీ రోగనిరోధక శక్తిని పెంచేవే అనుకునేవారికి ఇంకొక సంగతి చెబుతాను. నార్వే దేశపు మట్టిలోని ఒక శిలీంధ్రం నుంచి లభించిన సైక్లోస్పోరిన్ ఆ శక్తిని అణచివేస్తుంది. అమెరికాలో 1983లో ఆమోదం పొందిన ఆ మందువల్లనే ఇతరుల మూత్రపిండాన్ని శరీరం తిప్పికొట్టకుండా నిలుపుకోవడం సులభమైంది. అటువంటి శస్త్రచికిత్స చేయించుకున్నవారు, కీళ్ళవాతం వంటి వ్యాధులున్నవారు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు ఏ పుట్టగొడుగు సారాన్నయినా వైద్యునికి చెప్పకుండా ముట్టవద్దు. శక్తి మరీ సన్నగిల్లితే ఏమవుతుందో 2021లో చూశాము. కరోనా నుంచి లేచిన మధుమేహ రోగులను, స్టెరాయిడ్లు వాడినవారిని మ్యూకర్ అనే శిలీంధ్రం ఎలా కబళించిందో ఈ నగరపు ఆసుపత్రులకు తెలుసు. పెంచడమో, తగ్గించడమో కాదు, తూకం తప్పకుండా ఉండడం కావాలి.

పిల్లల సంగతికి వస్తాను. వారి రోగనిరోధక వ్యవస్థకు పాఠం నేర్పగలవని తిరుగులేని ఆధారాలున్నవి టీకాలు. ఆరోగ్య శాఖవారు పదేళ్ళకు, పదహారేళ్ళకు వేసే ధనుర్వాతం, కంఠసర్పి టీకా రోజున మన పాఠశాలలో ప్రతియేటా కొంతమంది పిల్లలు జ్వరమని చెప్పి రావడం లేదు. ఆ జ్వరం ఎవరికి వస్తోందో నాకు తెలుసు! పొడి కొనడానికి వేలు ఖర్చుపెట్టే ఇల్లు ఉచితంగా లభించే టీకాకు భయపడడం నాకు బాధ కలిగిస్తుంది.

పుట్టగొడుగును తినవద్దని నేను చెప్పడం లేదు. మాంసకృత్తులు, పీచు ఉన్న చక్కని ఆహారం. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1998లో విడుదల చేసిన పాల పుట్టగొడుగు రకం మన ఎండలకు కూడా తట్టుకుంటుంది. సొంత ఊరికి వెళ్ళినప్పుడు పొలంగట్ల మీద మొలిచినవి మాత్రం పిల్లలచేత కోయించకండి. విషపు రకాలను రంగును బట్టి, వెండి నాణెం నల్లబడడాన్ని బట్టి గుర్తుపట్టవచ్చన్న మాటలు నమ్మదగినవి కావు.

కరపత్రం తెచ్చిన తండ్రిగారికి నేను బల్ల ఇవ్వలేదు గాని, ఒక పని ఇచ్చాను. ఆయన సేద్యం తెలిసినవారు. మా తొమ్మిదవ తరగతి పిల్లలచేత వెనుకవైపు పాత సామాన్ల గదిలో చిప్ప పుట్టగొడుగులు పెంచిస్తున్నారు. వరిగడ్డిని ఉడికించి, ఆరబెట్టి, విత్తనం కలిపి, సంచులలో కూరి వేలాడదీశారు. నాలుగు సంచులలో ఒకటి పచ్చబూజు పట్టి పాడైంది. చేతులు కడుక్కోకుండా ముట్టినది ఎవరో పిల్లలు ఇంకా తేల్చుకోలేదు. తక్కిన మూడూ తెల్లగా అల్లుకున్నాయి, మొన్న గొడుగులు బయటపడ్డాయి. సభ ముగిసిన తరువాత ప్రదర్శనశాలకు వెళ్ళే దారిలో అందరూ చూడవచ్చు. ఉబ్బసం ఉన్నవారు మాత్రం గది గుమ్మం వద్దనే ఆగి చూడండి, వాటి సిద్ధబీజాలు పడవు. సోమవారం కోస్తారట. మొదటి పిడికెడు మా అమ్మకు కూరకు ఇస్తామన్నారు. బుధవారం మాత్ర మానదని హామీ ఇచ్చి తీసుకుంటాను.